వడ్రంగి తాతయ్య గురించి రాయాలంటే ముందు ఆయన పెట్టె తెరవండి

అమ్మా,

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ తాతయ్యది నల్గొండ వైపు ఊరు. బతికినంతకాలం వడ్రంగం, మీకు తెలిసినంతలో తలుపులు, కిటికీలే, చేసి పోయిన ఏడాది కాలం చేశారు. సంవత్సరీకానికి ఆయన గురించి చిన్న పుస్తకం వేసి చుట్టాలకు పంచాలని మీ కోరిక. రాయడానికి కూర్చుంటే "కష్టజీవి, మంచి మనిషి, మనవలంటే ప్రాణం" దగ్గరే చెయ్యి ఆగిపోతోంది. రెండోది పనిముట్ల పెట్టె సంగతి. పాలిష్ పెట్టించి హాల్లో పెట్టుకోవాలా, ఎవరికైనా ఇచ్చేయాలా అన్నారు. ఆ పెట్టె అడుగున వంపు తిరిగిన పాత చెక్కలు రెండు ఉన్నాయని, ఒకదాని మీద ఉలితో ఆరు గాట్లు పెట్టి ఉన్నాయని, అవేమిటని కూడా అడిగారు.

పాలిష్ మాత్రం వద్దు. ఇప్పటికే ఎవరికైనా చెప్పి ఉంటే, మిగతాది చదవక ముందే ఫోన్ చేసి ఆపించండి.

నేను ఐటీఐలో వడ్రంగం నేర్పుతూ ముప్ఫై ఏళ్లు గడిపాను. అంతకంటే ముందు నేర్చుకున్నది మా తాత దగ్గర. మాది దివిసీమ. ఆయన బండ్లు, నాగళ్లు, కాడి మాన్లు చేసేవాడు. అక్షరం రాదు. ఆయన పోయిన రెండేళ్లకు నాకూ మీలాగే రాయాలనిపించి నాలుగు పేజీలు రాశాను. మా మేనత్తకు చదివి వినిపిస్తే ఆవిడ కళ్లొత్తుకుంటుందనుకున్నాను. "బానే ఉందిరా. ఇందులో మా నాన్న పేరు తీసేసి మీ మావయ్య వాళ్ల నాన్న పేరు పెట్టినా సరిపోద్ది" అంది. ఆ ముసలాయన జన్మలో ఉలి పట్టినవాడు కాదు, కిరాణా కొట్టు.

కోపం వచ్చి "అయితే నువ్వే చెప్పు" అన్నాను. కాసేపు ఆలోచించి చెప్పింది. తాత పసిపిల్లల్ని అరచేత్తో ముట్టుకునేవాడు కాదట. చెయ్యి తిప్పి, వెనక వైపుతో బుగ్గ నిమిరేవాడట. అరచెయ్యి కాయలు కాసి ఆకురాయిలా ఉండేది, పిల్లకు గీసుకుంటుందని. నన్నూ అలాగే నిమిరాడు. పదిహేడేళ్లు వచ్చేదాకా చూస్తూనే ఉన్నాను గాని ఎందుకో నాకు తట్టలేదు. నా నాలుగు పేజీల్లో లేనిది ఆవిడ ఒక్క మాటలో పెట్టింది.

అందుకని చుట్టాల దగ్గరికి వెళ్లినప్పుడు "తాతయ్య ఎలాంటివారు?" అని అడగకండి. ఎవరినడిగినా దేవుడులాంటి మనిషి అంటారు. చేతుల గురించి అడగండి. పని మధ్యలో కబురు పెడితే ఏమనేవారు, ఎవరింటి పని డబ్బు తీసుకోకుండా చేశారు, ఎవరితో మాటలు మానేశారు, ఎందుకు. మీ ఇంటి వాళ్లకంటే ఆయనతో పని చేయించుకున్న వాళ్లు బాగా చెబుతారు. వాళ్ల ఇంటి తలుపు అక్కడే ఉంటుంది కాబట్టి దాని ముందు నిలబెట్టి మాట్లాడించండి. వస్తువు కళ్లెదురుగా ఉంటే మనిషికి మాట దానంతటదే వస్తుంది.

ఇప్పుడు ఆ వంపు చెక్కల సంగతి. మీ ప్రశ్నలో నన్ను కూర్చోబెట్టింది అదే.

జత కలపాల్సిన చోట వడ్రంగి గాట్లు పెడతాడు. ఒక చెక్క కొసను నాలికలా చెక్కి రెండో చెక్కలో తొలిచిన బెజ్జంలోకి దించుతాడు గదా, చేత్తో చేసినప్పుడు ఏ నాలిక ఆ బెజ్జానికే సరిపోతుంది, పక్కదానిలో పట్టదు. పట్టినా వదులుగానో బిగువుగానో ఉంటుంది. అందుకని ఒక గాటున్న నాలిక ఒక గాటున్న బెజ్జానికి, రెండు గాట్లది రెండు గాట్లదానికి. చదువు రాని మనిషి అంకెలు అవి. దర్వాజ చట్రానికి నాలుగే మూలలు, నాలుగు దాటి గాట్లు పెట్టాల్సిన పని అంతగా ఉండదు. మీరు ఆరు అన్నారు, పైగా చెక్క వంపు తిరిగి ఉందన్నారు. నాకు అది తలుపు పనిలా అనిపించడం లేదు. బండి చక్రం అంచు చెక్క అనుకుంటున్నాను. మేం పూటీ అంటాం. మీ వైపు ఏమంటారో మీ చిన్న తాతయ్యను అడగండి.

పాత కొయ్య చక్రానికి నడుమ కుండ, దానిలోంచి అంచు దాకా సైకిలు పుల్లల్లా పన్నెండు కర్రలు, వాటినే ఆకులు అంటాం, చుట్టూ ఆరు పూటీలు. పూటీకి రెండు ఆకులు. పూటీ గీయడానికి పనివాడు ఒక పలచటి చెక్కను ఆ వంపులో కోసి అచ్చుగా దాచుకుంటాడు. మీ దగ్గరున్నది అదే అయితే పలచగా, అరంగుళం లోపే ఉంటుంది, ఆకులు దిగే చోట రెండు గుర్తులుంటాయి. ఆరు గాట్లు ఆరు పూటీల లెక్క అయి ఉంటుంది. దళసరిగా ఉండి బెజ్జాలే తొలిచి ఉంటే అది అచ్చు కాదు, ఏదో చక్రానికి చేసి వాడకుండా మిగిల్చిన ఆరో పూటీ.

ఒక పని చేయండి. ఆ చెక్క బయటి అంచున ఈ కొస నుంచి ఆ కొసకు, వంపు వెంట కాకుండా నేరుగా, దారం బిగించి కొలవండి. ముప్ఫై అంగుళాలు వచ్చిందనుకోండి, చక్రం నిలువు అరవై అంగుళాలు, అంటే అయిదడుగులు. వృత్తాన్ని ఆరు సమాన ముక్కలు చేస్తే ఒక్కో ముక్క కొసల మధ్య దూరం ఆ వృత్తం వ్యాసార్థానికి సరిగ్గా సమానం. మనం బళ్లో రేఖాగణితంలో చదివింది ఇదే. మా తాత మాత్రం దారం ఒక కొస మేకుకు కట్టి, రెండో కొసకు బొగ్గు కట్టి నేల మీద చుట్టు గీసి, అదే దారాన్ని ఆ చుట్టు మీద చోటు నుంచి చోటుకు నేరుగా బిగిస్తూ ఆరుసార్లు కొలిచేవాడు. ఆరోసారి మొదలెట్టిన చోటుకే వచ్చి ఆగేది. చిన్నప్పుడు నేనది గారడీ అనుకునేవాణ్ణి.

నా ఊహ నిజమైతే మీ తాతయ్య తలుపులు, కిటికీలే చేశారన్న మాట సగమే నిజం. వయసులో ఉండగా బండ్లు చేసి ఉంటారు. ఎప్పుడు మానేశారో, ఎందుకు మానేశారో కనుక్కోండి. మీ పుస్తకానికి నడుమ కుండ అదే.

ఎందుకంత గట్టిగా అంటున్నానంటే, బండి చక్రం చేసినవాడు దాన్ని ఊరికే వదిలిపెట్టడు. తలుపు తేడా వస్తే చిత్రిక, అంటే కొయ్యను నున్నగా గీసే పనిముట్టు, పట్టి సర్దుకోవచ్చు. చక్రంలో ఒక్క ఆకు నూలు వాసి పొట్టిదైనా బరువంతా మిగతా పదకొండింటి మీద పడి బండి ఏడాది తిరక్కముందే వాకిట్లోకి వచ్చి నిలబడుతుంది. కర్ర నల్లతుమ్మ. కొట్టిన మొద్దును చెరువులో బురదలో తొక్కి నెలల తరబడి వదిలేసేవారు. కొయ్యలో ఉండే పిండి నీళ్లలోకి దిగిపోతుంది, పురుగుకు తిండి ఉండదు. ఈ కారణం నేను తర్వాత పాఠం చెప్పడానికి చదువుకున్నది. తాత మాత్రం "తుమ్మ ముందు నీళ్లు తాగాలి, తర్వాత నీడన ఆరాలి, ఆ తర్వాతే మన మాట వింటది" అనేవాడు.

పట్టా వేసే రోజు మా వీధికి పండగ. వడ్రంగి, కమ్మరి కలిసి చేసే పని. ఇనుప పట్టాను చక్రం చుట్టుకొలత కంటే కొంచెం తక్కువకే చుట్టి అతుకుతారు. అయిదడుగుల చక్రం చుట్టుకొలత 188 అంగుళాల పైన. ఇనుము వేడి అయిదు వందల డిగ్రీలు పెరిగితే ఆ పొడవు మీద అంగుళం పైచిలుకు సాగుతుంది. ఆ అంగుళంతోనే పనంతా. పిడకల మంటలో పట్టా ఎర్రబడ్డాక నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రం మీద దించుతారు. కొయ్య భగ్గున అంటుకుంటుంది. అంటుకున్నది కాలిపోక ముందే కుండలతో నీళ్లు కుమ్మరించాలి. పట్టా బిగుసుకుంటూ పూటీలను, ఆకులను చక్రం నడుమ కుండలోకి నొక్కేస్తుంటే చక్రం మూలుగుతుంది. అందరూ పొగ చూస్తుంటే తాత మోకాళ్ల మీద కూర్చుని చెవి పెట్టి వినేవాడు. పన్నెండు ఆకులూ కూర్చున్న చప్పుడు ఆయనకు తెలిసేది. నాకు ఈనాటికీ తెలియదు. అన్నేళ్లు ఉద్యోగం చేశాను, ఒక్క చక్రానికీ పట్టా వేయించలేదు. సిలబస్‌లో లేదు.

రోహిణి కార్తె ఎండలకు కొయ్య ముడుచుకుని పట్టా వదులయ్యేది. రైతులు చక్రాలు తెచ్చి కాలవలో పడుకోబెట్టేవారు, ఉబ్బి మళ్లీ బిగుసుకునేవి. అలా ఎండకూ నీళ్లకూ మధ్య నాలుగైదేళ్లు నెట్టుకొచ్చాక తాత దగ్గరికి వచ్చేవారు. ఆయనేమో "రేపు రా". వడ్రంగి రేపు ఎప్పుడొస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈ గుణం ఆయనకు దండిగా ఉండేది. ఏరువాక పున్నమి ముందు మా వాకిట్లో నాగళ్లు వరసగా పడి ఉండేవి, ఎవడు గట్టిగా అరిస్తే వాడిది ముందు చేసేవాడు. నెమ్మదస్తులకు అన్యాయం జరిగేది. నేను రాసినదాంట్లో ఇదీ రాశాను. మా బాబాయికి నచ్చలేదు, చదివిన ఊరివాళ్లు మాత్రం ఆ పేజీ దగ్గరే నవ్వి "అవును, ఆయనే" అన్నారు. మీరూ ఒకటో రెండో అలాంటివి ఉంచండి.

డబ్బు సంగతి కూడా అడగండి. మా తాతకు బండి చేసినందుకు రొక్కం ఇచ్చేవారు గాని నాగళ్లు, కాడి మాన్లు, గొడ్డలి కామలు ఏడాది పొడుగునా సరిచేసినందుకు మేర. కళ్లంలో రాశి కొలిచేటప్పుడు వడ్రంగికి ఇంత, కమ్మరికి ఇంత, చాకలికి ఇంత అని ధాన్యం పక్కన పెట్టేవారు. ఎవరి కళ్లంలో ఎన్ని కుంచాలో ఎక్కడా రాసి లేదు, అందరికీ నోటికే. మీ తాతయ్యకు ఎన్నిళ్ల మేర ఉండేదో తెలిస్తే ఆయన చేతి కింద ఎంత ఊరు ఉండేదో తెలుస్తుంది.

తేదీల దగ్గర కంగారు పడకండి. ఆ తరానికి పుట్టినరోజులు లేవు, సంఘటనలున్నాయి. మా వైపు "ఉప్పెనకు ముందా తర్వాతా" అంటే 1977 నవంబరు 19కి ముందా తర్వాతా అని. మీ వైపు పోలీసు చర్య ఉంది, 1948 సెప్టెంబరు. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో. సాగర్ కాలవలకు నీళ్లు వదిలింది 1967 ఆగస్టులో. మీ ఊరు ఎడమ కాలవ కింద ఉంటే దీన్ని ప్రత్యేకంగా అడగండి, కాలవ నీళ్లు వచ్చిన ఊళ్లో నాగలికి, బండికి గిరాకీ పెరుగుతుంది, వడ్రంగికి చేతినిండా పని. ఆ తర్వాత టైరు బండ్లు, వాటి వెనకే ట్రాక్టర్లు. టైరు బండికి పన్నెండు ఆకులూ లేవు, పట్టా లేదు, ఇరుసు షాపులో కొనుక్కోవాలి, వడ్రంగికి మిగిలింది పైన పలకలు. మీ తాతయ్య తలుపులకు మళ్లింది ఆ రోజుల్లోనే అయి ఉండొచ్చు. అదే నిజమైతే మీరు చూసిన తాతయ్య వేరు, ఆ చెక్కను దాచుకున్న తాతయ్య వేరు.

పనిముట్ల దగ్గరికి వస్తాను. నేను చేసిన తప్పు ముందు చెబుతాను. తాత పోయాక ఆయన చిత్రికను గరుకు కాగితంతో బాగా రుద్ది వార్నిష్ వేశాను. కొత్తదానిలా మెరిసింది. వారం తర్వాత చేతిలోకి తీసుకుంటే బొటనవేలు ఆనే చోట ఉండాల్సిన పల్లం లేదు. నలభై ఏళ్లు ఒకే వేలు ఆని పడిన పల్లాన్ని నేను ఒక్క పూటలో అరగదీశాను. అందుకే పాలిష్ అనగానే అంత తొందరగా అరిచాను, ఏమనుకోకండి.

ఉలులను మాత్రం వదిలేశాను, పని ఎక్కువని. అదే మంచిదైంది. తాత బతికుండగా వచ్చిన ఉప్పెనలో మా ఇల్లు పోయింది. నాలుగో రోజునో అయిదో రోజునో తాత పెట్టె చింతచెట్టు మొదట్లో బురదలో దొరికింది. ఉప్పునీళ్లలో నాని ఉలుల మీద తుప్పు గుంటలు గుంటలుగా పడింది. ఆయన ఎర్రమన్నుతో తోమి, సానపట్టి, ఆ ఉలులతోనే ఆ ఏడాదంతా పని చేశాడు. కొత్త నాగలి ఒక్కటీ లేదు, ఎడ్లు ఉంటే గదా. ఒట్టి తలుపులు. ఆ ఏడు ఎవరూ మేర ఇవ్వలేదు, ఆయన అడగలేదు. "కళ్లమే లేదు, మేరేంట్రా" అన్నాడు ఒకసారి, అంతే. ఆ గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. ఇంటికొచ్చిన పిల్లలకు ఉలి చేతికిచ్చి వేలితో తడమమంటాను.

మీ పెట్టెలోని ఇనుముకు దుమ్ము దులిపి, పైపై తుప్పును కిరసనాయిల్ గుడ్డతో తుడిచి, ఆరాక కుట్టుమిషను నూనె పలచగా రాయండి. వంటనూనె వద్దు, జిగురు పడుతుంది. కర్ర పిడులకు మరగబెట్టిన అవిసె నూనె గుడ్డతో ఒక్క పూత, ఎక్కువైతే తుడిచేయండి. ఆ నూనె గుడ్డను ఉండ చుట్టి మూల పడేయకండి, అవిసె నూనె గుడ్డ దానంతటదే వేడెక్కి అంటుకోగలదు. తడిపి, విడదీసి బయట ఆరేయండి. పెట్టె అడుగున మెత్తటి పిండి రాలుతుంటే పురుగు ఉన్నట్టు, అప్పుడు మాత్రం ఆ ముక్కను వేరుచేసి తెలిసినవాళ్లకు చూపించండి.

అరుగుదలను చదవండి. ఉలి సానకు అరిగి పొట్టిదవుతుంది, అన్నింటికంటే పొట్టిగా ఉన్నదే ఆయన ఎక్కువ వాడినది. కొయ్య చెక్కే బాడిస కామ, అంటే దాని పిడి, ఏ పక్క నున్నగా ఉందో చూస్తే ఏ చెయ్యి వాటమో తెలుస్తుంది. అతికిన పిడి ఉంటే ఎందుకు విరిగిందో మీ ఇంట్లో ఎవరికో తెలుసు. ఇవన్నీ వెలుతురు పక్కనుంచి పడేలా పెట్టి ఫోటోలు తీయండి, పక్కన అంగుళాల బద్ద ఉంచి.

ఇవ్వడమా ఉంచుకోవడమా అంటే, నేను పెద్ద రంపాన్ని, బెజ్జాలు వేసే కమాను బర్మాను నా దగ్గర చదువుకున్న కుర్రాడికి ఇచ్చేశాను. రంపం వాడుతున్నాడు, బర్మా గోడకు తగిలించుకున్నాడు. ఉలులు, అరగదీసిన ఆ చిత్రిక నా దగ్గర ఉన్నాయి. మీ ఊళ్లో ఇంకా చేత్తో పనిచేసే వాళ్లుంటే రెండు మంచి ఉలులు ఇవ్వండి. వంపు చెక్కలు మాత్రం ఎవరికీ ఇవ్వకండి, పనివాడికి అవి కట్టెలే.

రాసేటప్పుడు ఆయన చేసిన వస్తువు ఒక్కటే తీసుకుని మొద్దు దగ్గర్నుంచి గుమ్మం దాకా మొత్తం రాయండి. పది వస్తువుల పేర్లు చెప్పడంకంటే అది మేలు. మీకు చేసిన ఊయలో, మూడు చక్రాల నడక బండో ఉంటే నేనైతే దాన్నే తీసుకుంటాను. నాకు తాత చేసిన బొంగరం కంటే ఆయన చేసిన బండ్లు గొప్పవే, కాని బొంగరం కోసం ఆయన రైతును మర్నాటికి తిప్పి పంపాడు. ఆ ఒక్క "రేపు రా" మాత్రం నావల్ల.

ఆయన వాడిన మాటల్ని పుస్తకంలో మార్చకండి. మేం చిత్రిక అనేదాన్ని మీ వైపు రంద అంటారు, రంద అనే రాయండి. నాగలి, బండి భాగాల పేర్లు ఏ జిల్లాలో ఏవో చూడాలంటే ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కోసం భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో తెచ్చిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, పెద్ద గ్రంథాలయాల్లో అడగండి. అయినా అది మీ చిన్న తాతయ్య తర్వాతే. ఆయన కూడా కొన్నాళ్లు అన్నగారి దగ్గర పని చేశారని రాశారు, డెబ్బై ఎనిమిదేళ్లు అన్నారు. పుస్తకం సంగతి పక్కనబెట్టి ఈ ఆదివారమే వెళ్లండి. పెట్టె మొత్తం తీసుకెళ్లి ఆయన ముందు చాప మీద ఒక్కొక్కటే పెట్టండి. ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి మీరు మాట్లాడకుండా కూర్చోండి. వంపు చెక్క ఆఖర్న తీయండి.